ఈసారి యాన్యువల్ డేకి ఆ ట్రాక్ వద్దు: హైదరాబాద్ ప్రైవేట్ స్కూళ్ల యాజమాన్యాలకు ఒక తెలుగు టీచర్ బహిరంగ లేఖ

కరస్పాండెంట్ గార్లకు, ప్రిన్సిపాల్ గార్లకు, యాన్యువల్ డే పనులు నెత్తిన వేసుకునే కోఆర్డినేటర్లకు నమస్కారం.

నేను 14 ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రైవేట్ స్కూళ్లలో తెలుగు చెబుతున్నాను. మొదట ఉప్పల్ వైపు, ఇప్పుడు మల్కాజ్‌గిరి వైపు. ఏ స్కూల్ పేరూ రాయడం లేదు, ఎందుకంటే ముందే రికార్డ్ చేసిన ట్రాక్‌కి పిల్లలతో పెదాలు కదిపించి దాన్నే నాటకం అనడం ఏదో ఒక స్కూల్ తప్పు కాదు, దాదాపు అన్ని చోట్లా ఇదే నడుస్తోంది, అందులో టీచర్లుగా మా చెయ్యి కూడా ఉంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట యాన్యువల్ డే. ఫంక్షన్ హాల్ నిండా తల్లిదండ్రులు, అందరి చేతుల్లో ఫోన్లు. ఏకలవ్యుడి నాటకం. మనందరికీ అలవాటైన పద్ధతే: డైలాగులన్నీ ముందే పెద్దవాళ్ల గొంతుతో రికార్డ్ చేయించాం, పిల్లలు ఆ ట్రాక్‌కి పెదాలు కదుపుతూ చేతులు ఊపాలి, అంతే వాళ్ల పని. నెలన్నర రిహార్సల్స్ చేశారు. ద్రోణుడు వచ్చి "ఎవరు నీ గురువు?" అని అడిగాడు, అంటే ట్రాక్ అడిగింది, అక్కడితో పెన్‌డ్రైవ్ ఆగిపోయింది.

ఏకలవ్యుడి వేషం వేసిన ఏడో తరగతి పిల్లాడు నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. కథ వాడికి తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. "ఈయనే నా గురువు" అనే రెండు మూడు మాటలు వాడి నోట్లోనే ఉన్నాయి. కానీ ఆ మాటలు తను అనాల్సినవని వాడికెవరూ చెప్పలేదు. వాడి కళ్లు మాత్రం సౌండ్ బాక్స్ వైపే ఉన్నాయి. కింద సౌండ్ వాళ్లు వైర్లు పీకి పెడుతున్నారు, నేను పక్క తెర దగ్గర నిలబడి చెమటలు కక్కుతున్నాను, హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు వెనక వరసలో చెట్టు వేషంలో ఉన్న రెండో తరగతి బుడ్డోడు, రెండు చేతులకీ అట్టముక్కల కొమ్మలు కట్టుకుని ఉన్నవాడు, రెండడుగులు ముందుకొచ్చి "అన్నా, నీ గురువు బొమ్మ గీడనే ఉంది, నా కింద. సార్‌కి చూపియ్" అన్నాడు.

హాలంతా చప్పట్లు. ఏకలవ్యుడికి ప్రాణం లేచొచ్చింది. బొమ్మ వైపు తిరిగి, సొంత గొంతుతో, "ఈయనే సార్, మీరే సార్" అన్నాడు. ద్రోణుడు వేసిన పిల్లాడు కూడా బొమ్మ దగ్గరికెళ్లి వంగి చూసి, "నాలాగే ఉన్నాడే!" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తంలో నిజంగా నాటకం నడిచింది ఆ అర నిమిషమే. ఇంతలో సౌండ్ వచ్చింది, మొదటి నుంచి. పిల్లలు వెనక్కి పరుగెత్తి మళ్లీ పెదాలు కదపడం మొదలుపెట్టారు.

తర్వాత తెర వెనక ఆ బుడ్డోణ్ని నిలబెట్టి "చెట్టు ఎక్కడైనా మాట్లాడుతుందా? ఎవరు మాట్లాడమన్నారు నిన్ను?" అని గట్టిగా అరిచారు. వాడు కొమ్మలు ఇంకా చేతులకి ఉండగానే ఏడ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఈ లేఖ రాయడానికి అది కూడా ఒక కారణం.

వాడు చేసిన పనిని ఇంగ్లిష్‌లో ఇంప్రొవైజేషన్ అంటారు, మనం ఆశువు అంటాం. ముందే రాసిపెట్టుకున్నది లేనప్పుడు, లేదా ఉన్నది చేజారినప్పుడు, ఎదుటివాళ్లు ఏమన్నారో విని, చేతిలో ఏముందో చూసుకుని, అప్పటికప్పుడు తర్వాతి మాట పుట్టించడం. పిల్లలకి ఇది కొత్తగా నేర్పాల్సింది కాదు. నాలుగేళ్ల పిల్ల చీపురుపుల్లలతో పప్పు వండి మనకి వడ్డిస్తుంది కదా, అదే ఇది. మూడో తరగతి దాటేసరికి ఆ ధైర్యం పోతోంది, మన దగ్గరే పోతోంది. నేను మొదట అడిగేది అది పోకుండా వారానికి ఒక పీరియడ్ కాపాడమని.

ఎందుకు ఇంత పట్టుగా అడుగుతున్నానో నా క్లాసులో జరిగినది చెబితే మీకే తెలుస్తుంది.

రెండేళ్ల కిందట ఐదో తరగతికి సబ్‌స్టిట్యూషన్ పీరియడ్ వెళ్లాను. పుస్తకాలు తీయమనలేదు. బల్ల మీద డస్టర్ పెట్టి, "ఇది డస్టర్ కాదు. ఇంకేదైనా. అదేమిటో చెప్పకుండా వాడి చూపించండి, మిగతావాళ్లు కనిపెట్టాలి" అన్నాను. మొదట ఎవరూ లేవలేదు. "మేడమ్, కరెక్ట్ ఆన్సర్ ఏంటి?" అని అడిగారు. లేదని చెబితే నమ్మడానికి కాస్త టైం పట్టింది. తర్వాత ఒకడు దాన్ని చెవికి పెట్టుకుని ఫోన్ మాట్లాడాడు, ఒకమ్మాయి ఇస్త్రీ చేసింది, ఇంకొకడు అరచేతిలో పెట్టుకుని ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచినట్టు ముంచి, విరిగి కప్పులో పడిపోతే దిగులుగా చూశాడు. అప్పుడు చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, కట్టే అపార్ట్‌మెంట్లలోనే కాపురం, ఇల్లు పూర్తయితే ఇంకో చోటికి మారిపోతారు. మూడు నెలలుగా ఆ పిల్ల గొంతు నేను వినలేదు, అటెండెన్స్‌కి కూడా చెయ్యే ఎత్తేది.

వచ్చి డస్టర్ పక్కన పెట్టింది. ముందు ఎడం చేతిని లేని బకెట్టులో ముంచి గోడ మీదికి నీళ్లు చిలకరించింది. తర్వాత డస్టర్ తీసుకుని, చెక్క వైపు గోడకి ఆనించి, గుండ్రంగా గుండ్రంగా రుద్దుతూ పైకి వెళ్లింది, మునివేళ్ల మీద లేచింది. మళ్లీ నీళ్లు. మళ్లీ రుద్దడం. ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, తల పక్కకి వంచి గోడ సాపుగా వచ్చిందో లేదో చూసింది. మోచేత్తో నుదురు తుడుచుకుంది. "బోర్డు తుడుస్తుంది" అన్నారు ఒకరు, "పెయింటింగ్" అన్నారు ఇంకొకరు. ముందు వరసలోంచి ఒకడు "మేస్త్రీ! ప్లాస్టరింగ్!" అని అరిచాడు. ఆ పిల్ల నవ్వి, "మా నాయిన గిట్లనే జేస్తడు" అంది.

మర్నాటి నుంచి ఆ పిల్ల గలగలా మాట్లాడేసిందని చెబితే అది అబద్ధం. దసరా దాకా పట్టింది. దసరా సెలవుల తర్వాత ఒకరోజు పాఠం మధ్యలో చెయ్యెత్తి, "మేడమ్, నాకు సమజ్ కాలేదు, మల్ల చెప్తరా?" అని అడిగింది. టీచర్లందరికీ తెలుసు ఆ మాట విలువ. అర్థం కాలేదని నలుగురిలో చెప్పగలిగిన పిల్లకి ఏ సబ్జెక్ట్ అయినా నేర్పొచ్చు. చెప్పలేని పిల్లకి ఎంత ట్యూషన్ పెట్టించినా కష్టమే.

ఇక్కడ భాష గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఏమీ అనుకోకండి. మన క్లాసుల్లో ఇళ్ల దగ్గర తెలంగాణ తెలుగు మాట్లాడేవాళ్లు, ఆంధ్ర వైపు తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ వాళ్లు, మార్వాడీ పిల్లలు, ఒడిశా నుంచి బిహార్ నుంచి వచ్చినవాళ్లు అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అందరికీ ఒకటే రూల్, ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసిన స్కూల్లో కూడా నేను పనిచేశాను, తెలుగు టీచర్‌గా. ఆ రూల్ వల్ల పిల్లలకి ఇంగ్లిష్ రాలేదు, మౌనం వచ్చింది. తప్పు మాట్లాడతానేమో, నవ్వుతారేమో అని నోరు కట్టేసుకోవడం అలవాటైంది. మేం ఆడించే ఆటల్లో ఒకటి ఏ భాషా కాని భాషలో మాట్లాడటం. "గబలాకి టిమ్మడు బుస్కే" లాంటి పిచ్చి మాటలతో ఒకరు కూరగాయలు అమ్మాలి, ఇంకొకరు బేరమాడాలి. అందులో ఎవరికీ గ్రామర్ రాదు, ఎవరి యాస మీదా నవ్వడానికి వీల్లేదు, గొంతులో ఎత్తుపల్లాలు, చేతులు, కళ్లు, ఇవే భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక పిల్లాడు ఆ ఆటలో లేని వంకాయకి పుచ్చు చూపించి ధర తగ్గించిన తీరు చూసి క్లాసంతా బెంచీలు చరిచింది. అప్పటిదాకా వాడు తెలుగు పీరియడ్ అంటేనే ముడుచుకుపోయేవాడు.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. 1930ల చివర్లో చికాగోలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ వలస కుటుంబాల పిల్లలతో, ఒకరి భాష ఒకరికి రాని పిల్లలతో, నాటకాలు వేయించడానికి ఇలాంటి ఆటలు తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఇంప్రొవైజేషన్ పేరుతో ఆడుతున్న ఆటల్లో చాలావాటికి మూలం అక్కడే. మన హైదరాబాద్ క్లాస్‌రూమ్‌కి అవి ఇంతగా అతికినట్టు సరిపోవడంలో ఆశ్చర్యం ఏముంది, మన పిల్లలు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒక గదిలో చేరినవాళ్లే కదా.

ఆటలన్నిటికీ అడుగున ఉన్న నియమం ఒక్కటే. ఎదుటివాళ్లు ఏమన్నా ముందు ఒప్పుకో, తర్వాత దానికి ఇంకొకటి కలుపు. మా క్లాసులో దాన్ని "సరే, అయితే" అంటాం. ఒకమ్మాయి వచ్చి "డాక్టర్ గారూ, మా మేక నా ఆధార్ కార్డు మింగేసింది" అంటే, "ఇక్కడ మేకే లేదు కదా" అన్నవాడు ఆటని అక్కడే చంపేస్తాడు. "సరే, అయితే ఇక నుంచి రేషన్ మేక పేరు మీదే వస్తుంది, సంతకం పెట్టించండి" అన్నవాడు దాన్ని నడిపిస్తాడు. అలా అనాలంటే వాడు ముందు వినాలి. మన పిల్లలకి చెప్పడం వచ్చు, వినడం రాదు, ఎదుటివాడు మాట్లాడుతుంటే తన వంతు కోసం కాచుకుని ఉంటారు. ఈ ఆటలో అలా కుదరదు. పక్కవాణ్ని బాగా ఆడనిచ్చినవాడే బాగా ఆడినట్టు. ర్యాంకుల మధ్య పెరిగే పిల్లలకి ఇంకొకడు గెలిస్తే నాకు మంచిది అనిపించే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

ఒక ప్రిన్సిపాల్ గారు నాతో అన్నారు, ఇదంతా ఫారిన్ ఫ్యాషన్ అండీ, మన పద్ధతి కంఠస్థం అని. వారిమీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను. చిన్నప్పుడు మా నాన్న నన్ను చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి అవధానాలకి తీసుకెళ్లేవారు, అంటే చుట్టూ కూర్చున్నవాళ్లు రకరకాలుగా అడుగుతుంటే ఒక్క అవధాని అప్పటికప్పుడు పద్యాలతో జవాబు చెప్పే సభలకి. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్లు, ఒకరు సమస్యగా ఒక పద్యపాదం ఇచ్చి పూరించమంటారు, ఒకరు దత్తపదిగా కొన్ని మాటలిచ్చి వాటితో పద్యం అల్లమంటారు, ఒకరు నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు కావాలని ఏకాగ్రత చెడగొడతారు, ఆ పక్కన గంట కొడుతుంటే ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టాలి. పద్యం అడిగిన ప్రతిదానికీ అక్కడికక్కడే పద్యం. జంట కవులు తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసింది ఇదే. మన బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఆ ఊరి సంగతి ఆ రాత్రే కథలోకి లాగుతాడు, తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ కేతిగాడు ఎదురుగా కూర్చున్నవాళ్లని చూసి మాట మారుస్తాడు, సంగీత కచేరీలో కల్పన స్వరాలు ఎవరూ ముందే రాసివ్వరు. ఇంత ఉన్న జాతి తన పిల్లల్ని స్టేజీ మీద మూగవాళ్లని చేసి పెదాలు కదపమనడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని నేను కంఠస్థానికి వ్యతిరేకం కాదు, తెలుగు టీచర్‌ని, ఎలా అవుతాను. అవధానికి వేల పద్యాలు నోటికి రావడం వల్లే ఆశువు వస్తుంది, చివర్లో తను చెప్పిన పద్యాలన్నీ ధారణ చేసి ఒప్పజెబుతారు కూడా. శతక పద్యం నేర్పించాల్సిందే, ఎక్కం నేర్పించాల్సిందే. కాకపోతే లోపలికి పోసింది బయటికి వాడుకునే దారి కూడా చూపించాలి. మనం పోయడం దగ్గరే ఆగిపోతున్నాం. పదో తరగతిలో ప్రశ్నలో ఒక్క మాట మారితే "ఇది గైడ్‌లో లేదు" అని పేపర్ వదిలేసే పిల్లల్ని మనమంతా చూశాం. ఆ పిల్లలే ఇంజినీరింగ్ అయ్యాక ఇంటర్వ్యూలో బిగుసుకుపోయి, అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో డబ్బు కట్టి కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్చుకుంటున్నారు. పదేళ్ల వయసులో ఊరికే వచ్చేది ఇరవై రెండేళ్లకి ఫీజు కట్టి.

పరిశోధన కావాలంటే అదీ ఉంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2020లో వెలువరించిన అధ్యయనంలో కొందరితో 20 నిమిషాలు ఇలాంటి ఆటలు ఆడించారు, కొందరితో రాసిచ్చిన మాటలే చెప్పించారు. ఆటలు ఆడినవాళ్లలో కొత్త ఆలోచనలూ, ఏం జరుగుతుందో తెలియని పరిస్థితిని తట్టుకోవడమూ మెరుగ్గా కనిపించాయి. వాళ్లు పెద్దవాళ్లే, పిల్లలు కాదు. పిల్లల సంగతి డెట్రాయిట్ స్కూళ్లలో చూశారు, 10 వారాల క్లాసుల తర్వాత నలుగురిలో మాట్లాడాలంటే భయపడే పిల్లల్లో ఆ భయం తగ్గిందని 2019లో రాశారు. దీన్నే మంత్రం అనుకోవద్దు, మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. భయం తగ్గుతుందని మాత్రం నా క్లాసులో నా కళ్లతో చూశాను.

చట్టం కూడా అదే అడుగుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో చెబుతూ, పిల్లలు పనుల ద్వారా, శోధన ద్వారా నేర్చుకోవాలనీ, వాళ్లని భయం నుంచి, ఆందోళన నుంచి దూరంగా ఉంచి తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా సాయపడాలనీ రాసి ఉంది. మీ ఆఫీసు బీరువాలో ఆ చట్టం కాపీ ఉండే ఉంటుంది.

ఇక మీకు వచ్చే సందేహాలు. అరవై మంది ఉన్న క్లాసులో ఎలా అంటారు. నాకూ అరవై మందే. సగం మంది ఆడతారు, సగం మంది చూసి కనిపెడతారు, తర్వాత మారతారు. చూడటం కూడా ఆటే. సామాను ఏమీ వద్దు, డస్టర్, చున్నీ, లంచ్ బాక్స్ మూత చాలు. గోల అవుతుంది, నిజమే, అవుతుంది. పక్క క్లాసుకి ఇబ్బంది కాకుండా ఆఖరి పీరియడ్ ఇవ్వండి, లేదా గ్రౌండ్ ఇవ్వండి, గ్రౌండ్ లేకపోతే టెర్రస్.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఇష్టం లేని పిల్లని బలవంతంగా లేపొద్దు, "ఈరోజు నేను చూస్తాను" అనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఒకరి రంగు మీద, ఒళ్లు మీద, కులం మీద, ఇంట్లో పని మీద నవ్వులాట మొదలైతే టీచర్ అక్కడికక్కడే ఆపాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. మార్కులు వద్దు, సర్టిఫికెట్ వద్దు, ఇంటర్ స్కూల్ కాంపిటీషన్ అసలే వద్దు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి వీడియో కూడా తీయొద్దు, కెమెరా పైకి లేవగానే పిల్లలు మళ్లీ ట్రాక్ కోసం వెతుక్కుంటారు.

ఇంకొక మాట, ఇది టీచర్ల తరఫున. క్లాస్‌లో సీసీ కెమెరా, మీ గదిలో స్క్రీన్, పిల్లలు బెంచీల మీంచి లేస్తే వెంటనే ఆయమ్మ చేతికి చీటీ ఇచ్చి పంపిస్తారు. ఆ టెన్షన్‌తో ఏ టీచరైనా లెసన్ ప్లాన్‌లో రాసిన వాక్యం దాటి బయటికి రాదు. మేం భయపడుతూ పిల్లలకి ధైర్యం నేర్పలేం. కాబట్టి ఈ పీరియడ్‌లో గోల వినిపించినా లోపలికి రాకండి, వస్తే వచ్చి ఆడండి. ఒక ప్రిన్సిపాల్ మేడమ్ అలాగే వచ్చి, పిల్లలు ఇచ్చిన పాత్ర, బస్సులో చిల్లర ఇవ్వని కండక్టర్, పది నిమిషాలు చేశారు. ఆ తర్వాత నెల రోజులు పిల్లలు కారిడార్‌లో ఆవిడ కనిపిస్తే పారిపోకుండా, "మేడమ్, నా చిల్లర" అని చెయ్యి చాచేవాళ్లు.

ఆ పీరియడ్‌తో పాటు ఇంకొక్క విన్నపం, పెద్దది కాదు. దసరా సెలవులయ్యాక యాన్యువల్ డే రిహార్సల్స్ మొదలవుతాయి. డ్యాన్సులు మీ ఇష్టం, ఆ పాటలు ఉండనివ్వండి. నాటకం ఒక్కటి, పది నిమిషాలది, ట్రాక్ లేకుండా పెట్టండి. పిల్లలకి కథ చెప్పండి, మాటలు రాసివ్వకండి, రిహార్సల్‌లో రోజుకో రకంగా వస్తాయి, రానివ్వండి. రెండు హ్యాంగింగ్ మైకులు అద్దెకి తెస్తే చాలు, రికార్డింగ్ స్టూడియో ఖర్చు కంటే ఎక్కువ కాదు. మధ్యలో ఆగిపోతారు, తడబడతారు, ఎవరో నవ్వేస్తారు. తల్లిదండ్రులు ఏమంటారో అని మీకు భయం ఉంటుంది, ఉండాలి కూడా, ఫీజులు కట్టేది వాళ్లే. కానీ ఆ రోజు చెట్టు మాట్లాడినప్పుడు చప్పట్లు కొట్టింది కూడా వాళ్లే.

మొదటిసారి ఎలా చేయాలో మీ టీచర్లకి చూపించడానికి మనిషి కావాలంటే నేను రెండో శనివారాలు ఖాళీ. ఘట్‌కేసర్ నుంచి మెహదీపట్నం దాకా ఎక్కడికైనా బస్సులో వచ్చేస్తాను, ఏమీ ఇవ్వక్కర్లేదు. ఒక గది, బల్లలు పక్కకి జరిపి. డస్టర్ మీ దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్